పెళ్లి, అబద్ధం, శవం: కొరియన్ చీకటి డ్రామాలు చూడ్డం ఎట్లా

చలిగా ఉందని భర్త తన మఫ్లర్ తీసి భార్య మెడకు చుడతాడు. కాసేపటికి ఆ మఫ్లర్ మీద ఆమెకు ఒక వెంట్రుక కనపడుతుంది. తనది కాదు. 2020లో జేటీబీసీ చానల్‌లో వచ్చిన 'ద వరల్డ్ ఆఫ్ ద మ్యారీడ్' అక్కడినుంచి కదులుతుంది. పదహారు ఎపిసోడ్లు. చివరి ఎపిసోడ్‌కు 28 శాతం దాటిన రేటింగ్ వచ్చింది, అప్పటిదాకా కొరియా కేబుల్ టీవీలో ఏ డ్రామాకూ అంత రాలేదు. మూలం బీబీసీ సీరియల్ 'డాక్టర్ ఫాస్టర్'. అదే మూలాన్ని 2019లో హిందీలో 'అవుట్ ఆఫ్ లవ్' పేరుతో తీశారు. మూడూ చూసినవాళ్లకు ఒక సంగతి అర్థమవుతుంది: కథ ఒకటే అయినా, కొరియా వాళ్లు దాన్ని పిలుపుల మీద, వస్తువుల మీద నడిపిస్తారు. చెప్పులు, తలుపు తాళం, కారు కెమెరా, మొగుడు పెళ్లాన్ని పిలిచే తీరు. ఇవి పట్టుకోకుండా చూస్తే మనకు మిగిలేది అరుపులు, ఏడుపులు మాత్రమే.

నెల్లూరు, కావలి, ఒంగోలు, మార్కాపురం వైపు ఇప్పుడు ఈ డ్రామాలు చూసేవాళ్లు చాలామందే ఉన్నారు. మూడో ఎపిసోడ్‌లో ఆపేసేవాళ్లూ అంతే ఉన్నారు. పేర్లు గుర్తుండవు, ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియదు, మధ్యలో విసుగు పుడుతుంది. మూడింటికీ మందు ఉంది. మాటలు కొరియన్‌లోనే వినడం, రోజుకు రెండు ఎపిసోడ్లకు మించకపోవడం, పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోవడం. ఇవి ఎట్లా చేయాలో, ఎందుకు చేయాలో చూద్దాం.

ఏది ముందు, ఏది తర్వాత

మొదట పొట్టిది చూడండి. 2023లో వచ్చిన 'లైస్ హిడెన్ ఇన్ మై గార్డెన్' ఎనిమిదే ఎపిసోడ్లు. పెద్ద ఇల్లు, పెరట్లోంచి వచ్చే దుర్వాసన, అది తన భ్రమేమోనని భయపడే ఇల్లాలు ఒకవైపు. రోజూ మొగుడి చేత దెబ్బలు తినే గర్భిణి ఇంకోవైపు. ఇద్దరి మొగుళ్లూ ఒక చెరువు దగ్గర చేపలు పట్టడానికి కలవాల్సిన రాత్రి ఇద్దరి కథలూ ముడిపడతాయి. మనుషులు తక్కువ కాబట్టి పేర్ల గందరగోళం ఉండదు. డ్రామా మెల్లగా నడుస్తుంది, మాటలు తక్కువ. అందుకే చూడ్డం నేర్చుకోడానికి ఇదే మంచిది.

రెండోది 'ఫ్లవర్ ఆఫ్ ఈవిల్' (2020, 16 ఎపిసోడ్లు). భార్య హత్యకేసుల డిటెక్టివ్, భర్త లోహంతో కళాకృతులు చేసే పనివాడు, ఒక చిన్న కూతురు. భర్త ఏదో దాస్తున్నాడని మనకు ముందే తెలుస్తుంది, ఆమెకు తెలియదు. నేరపరిశోధన, సంసారం ఒకే ఇంట్లో నడుస్తాయి కాబట్టి పోలీసు కథలు ఇష్టపడేవాళ్లకు ఇది బాగా పడుతుంది.

ఆ తర్వాతే 'ద వరల్డ్ ఆఫ్ ద మ్యారీడ్'. ముందే మొదలుపెడితే అలసిపోతారు. అందులో మొదటి ఆరు ఎపిసోడ్ల ఒత్తిడి మామూలుది కాదు. దాని తర్వాత 'మిస్టీ' (2018): పేరున్న న్యూస్ యాంకర్ మీద హత్య అనుమానం, ఆమె తరఫున వాదించేది మొగుడే. 'వీఐపీ' (2019) రక్తం తక్కువ, అనుమానం ఎక్కువ. డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో పనిచేసే ఒకావిడకు ఊరూ పేరూ లేని మెసేజ్ వస్తుంది: నీ టీమ్‌లోనే నీ మొగుడి మనిషి ఉంది అని. రోజూ పక్కన కూర్చునే ముగ్గురు నలుగురు ఆడవాళ్లను ఆ రోజునుంచి ఆమె ఎట్లా చూస్తుందో అదే కథ.

చివరికి పెట్టుకోవాల్సినవి 'మక్‌చాంగ్' డ్రామాలు. బొగ్గు గనిలో ఇక ముందుకు దారిలేని చివరి సొరంగాన్ని ఆ మాటతో పిలుస్తారు. కథ అంత లోతుకు దిగజారిందని ఆ పేరు పెట్టారు. చచ్చినవాళ్లు తిరిగొస్తారు, పిల్లలు తారుమారవుతారు. 2008–09లో వచ్చిన 129 ఎపిసోడ్ల 'టెంప్టేషన్ ఆఫ్ వైఫ్'లో మొగుడు చావడానికి వదిలేసిన భార్య ముఖాన ఒక పుట్టుమచ్చ పెట్టుకుని వేరే మనిషిగా తిరిగొస్తుంది, ఎవరూ గుర్తుపట్టరు. ఇప్పటి రకం కావాలంటే 'ద పెంట్‌హౌస్' ఉంది, మూడు సీజన్లలో 48 ఎపిసోడ్లు. తెలుగు డైలీ సీరియల్ అలవాటున్న కళ్లకు ఇవి సులువుగా ఎక్కుతాయి, అందుకే చాలామంది వీటితోనే మొదలుపెడతారు. అదే పొరపాటు. ఒకసారి పెంట్‌హౌస్ వేగానికి అలవాటుపడితే మఫ్లర్ మీది వెంట్రుక దగ్గర ఆగే ఓపిక ఉండదు.

ఫోను, డేటా, సబ్‌టైటిల్

ఎపిసోడ్ సగటున 70 నిమిషాలు అనుకుంటే పదహారింటికి 18 గంటల 40 నిమిషాలు. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం తక్కువ క్వాలిటీలో గంటకు సుమారు 0.3 జీబీ, మీడియంలో 0.7, హెచ్‌డీలో 3 జీబీ దాకా పోతుంది. అంటే మొత్తం డ్రామాకు మీడియంలో 13 జీబీ కావాలి. రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఉన్నవాళ్లకు మీడియంలో రెండు ఎపిసోడ్లు పూర్తికావు, రెండోది క్లైమాక్స్‌లో నిలిచిపోతుంది. ఇంట్లో గానీ, షాపులో గానీ వైఫై ఉన్నచోట రాత్రికి రెండు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటల దగ్గర ఏరియేటర్లకు రాత్రి కాపలా ఉండేవాళ్లకు ఇదొక్కటే దారి, అక్కడ సిగ్నల్ తుమ్మితే ఊడేరకం. నవంబరు, డిసెంబరులో తుపాను పడ్డప్పుడు టవర్లు పోతాయి కాబట్టి అప్పుడు నాలుగు దించుకోండి. ఒకటి గుర్తుపెట్టుకోవాలి: కొన్ని డౌన్‌లోడ్లు ఒకసారి ప్లే నొక్కాక 48 గంటల్లో చెల్లిపోతాయి. చూసే రోజుదాకా వాటిని ముట్టుకోవద్దు.

మొబైల్ ప్లాన్ తీసుకుని టీవీలో రావడంలేదని కంగారుపడేవాళ్లున్నారు. నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లాన్ ఫోన్‌కు, ట్యాబ్‌కే పనిచేస్తుంది. ఏ డ్రామా ఏ యాప్‌లో ఉందో హక్కుల్ని బట్టి మారుతుంటుంది. కాబట్టి డబ్బులు కట్టేముందు యాప్‌లో పేరు వెతికి, దానికింద ఆడియో, సబ్‌టైటిల్ భాషల జాబితా చూసుకోండి.

తెలుగు డబ్బింగ్ ఉన్నవాటికి డబ్బింగ్ పెట్టుకోవచ్చా? ఇంగ్లీషు అక్షరాలు వేగంగా చదవలేని పెద్దవాళ్లతో కలిసి చూస్తుంటే పెట్టుకోండి, తప్పేం లేదు. కానీ డబ్బింగ్‌లో మొగుడు, పెళ్లాం, పోలీసు, కోటీశ్వరుడు అందరూ ఒకే గొంతు స్థాయిలో మాట్లాడతారు, మర్యాద తేడాలు సగం పోతాయి. ఒంటరిగా చూస్తే కొరియన్ ఆడియో, ఇంగ్లీషు సబ్‌టైటిల్ పెట్టండి. చదవడం వెనకబడితే వేగాన్ని 0.75కు తగ్గించండి. గొంతులు కాస్త బరువెక్కుతాయి గానీ పది నిమిషాల్లో అలవాటవుతుంది. అక్షరాలు పెద్దవి చేసి వెనక నల్లరంగు పెట్టుకుంటే మంచు సీన్లలో కూడా కనపడతాయి.

తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలయ్యే సెట్టింగ్‌ను ఆపేయండి. ఇది చిన్న విషయం కాదు. చాలా డ్రామాల్లో పేర్లు పడ్డాక ఒకటి రెండు నిమిషాల తోక సీన్ ఉంటుంది. అంతసేపు మనం చూసిన సంఘటనను ఇంకో మనిషి వైపునుంచి చూపిస్తారు. యాప్ దాన్ని మింగేసి ముందుకు దూకుతుంది. మరుసటి ఎపిసోడ్‌లో ఆ ఉంగరం ఎక్కడిది అని మీరు తల గోక్కుంటారు.

తెరమీద కత్తి, సిగరెట్ మసకగా కనపడితే మీ నెట్ తప్పు కాదు. కొరియా టీవీ చానళ్లలో వాటిని అట్లా మసకబారుస్తారు. యాప్‌ల కోసమే తీసినవాటిలో ఆ మసక ఉండదు.

ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తున్నారు

ఇక్కడ తెలుగువాళ్లకు ఇంగ్లీషువాళ్లకంటే పెద్ద సౌకర్యం ఉంది. కొరియన్ పేర్లలో మనలాగే ఇంటిపేరు ముందొస్తుంది. 'ద వరల్డ్ ఆఫ్ ద మ్యారీడ్'లో భార్య పేరు జీ సన్-వూ, అంటే జీ వారి సన్-వూ. అయితే పెళ్లయినా అక్కడ ఆడవాళ్ల ఇంటిపేరు మారదు. మొగుడు లీ, పెళ్లాం జీ, కొడుకు లీ. విడాకుల గొడవ వచ్చినప్పుడు ఇంట్లో వేరే ఇంటిపేరు తనదొక్కదానిదే అన్న విషయం ఆ తల్లికి ఎంత గుచ్చుకుంటుందో ఈ లెక్క తెలిస్తేనే మనకు తెలుస్తుంది. ఇక కిమ్, లీ, పార్క్ అనేవి లక్షలమందికి ఉండే పేర్లు. ఇద్దరు కిమ్‌లు కనపడగానే చుట్టరికం కట్టొద్దు.

మొగుడూ పెళ్లాం మామూలుగా పిలుచుకునే మాట 'యోబో'. మన 'ఏమండీ'కి, 'ఏమే'కి రెండింటికీ అదే మాట. 'తాంగ్షిన్' అంటే మొగుడూ పెళ్లాల మధ్య దగ్గరితనం ఉన్న 'నువ్వు'. అదే మాట రోడ్డుమీద తెలియని మనిషితో అంటే, 'ఏయ్, ఎవర్రా నువ్వు' అన్నంత పొగరు. ఈ తేడా సబ్‌టైటిల్‌లో రాదు, రెండుచోట్లా 'యూ' అని పడుతుంది. చెవితోనే పట్టుకోవాలి. పెళ్లాం ఎప్పుడైనా మొగుణ్ణి ఇంటిపేరుతో సహా పూర్తి పేరు పెట్టి, చివర 'షీ' చేర్చి పిలిచిందంటే గౌరవం పెరిగిందనుకోకండి. ఆ క్షణాన ఆ మనిషి ఆమెకు పరాయివాడయ్యాడు. ఎపిసోడ్ ఎక్కడ మలుపు తిరిగిందో చాలాసార్లు ఆ ఒక్క పిలుపే చెప్తుంది. అక్కడ ఆపి, పది సెకన్లు వెనక్కి పోయి మళ్లీ వినండి.

బిడ్డ పుట్టాక తల్లి పేరు మాయమై 'జున్‌యంగ్ ఒమ్మ' అవుతుంది, మనవైపు 'చిన్నోడి అమ్మ' అన్నట్టే. ఇన్నేళ్లూ అట్లా పిలిచిన మొగుడు ఇంకో స్త్రీని మాత్రం పేరుపెట్టి పిలుస్తుంటే గమనించండి. ముద్దుల సీన్‌కంటే అది ఎక్కువ చెప్తుంది.

అత్తింటి చుట్టరికాలు ఇంగ్లీషులో 'సిస్టర్ ఇన్ లా' అనే ఒక్క ముద్దలో కలిసిపోతాయి. కొరియన్‌లో, తెలుగులో అవి విడివిడిగా ఉన్నాయి. పెద్ద తోడికోడలు 'హ్యోంగ్‌నిమ్', చిన్న తోడికోడలు 'తోంగ్‌సో', మొగుడి చెల్లెలైన ఆడబిడ్డ 'ఆగాషీ', పెళ్లికాని మరిది 'తోర్యన్‌నిమ్'. ఈ చివరి రెండూ ఒకప్పుడు పనివాళ్లు యజమాని పిల్లల్ని పిలిచిన మాటలు. తనకంటే పదేళ్లు చిన్నదైన ఆడబిడ్డను కోడలు ఆ మాటతో పిలవాలి. మొగుడు మాత్రం తన మరదల్ని 'ఛోజే' అంటాడు, అందులో మర్యాద ఏమీ లేదు. ఈ అసమానం మీద కొరియాలోనే చాలా చర్చ జరిగింది. భోజనాల బల్ల దగ్గర కోడలు నోరు తెరవకుండానే ఓడిపోయినట్టు ఎందుకుంటుందో ఇప్పుడు తెలుస్తుంది. 'హ్యోంగ్‌నిమ్' అనే మాటే రౌడీలు తమ పెద్దను 'అన్నా' అని పిలవడానికీ వాడతారు. కాబట్టి ఆ మాట వినపడగానే పలికింది ఎవరో చూడండి.

ధనవంతుల ఇళ్ల కథల్లో మూడు పదవులు వస్తాయి: 'హ్వేజాంగ్‌నిమ్' గ్రూపు ఛైర్మన్, 'సాజాంగ్‌నిమ్' కంపెనీ యజమాని, 'సామోనిమ్' ఆయన భార్య. పనిమనిషి నిన్నటిదాకా 'సామోనిమ్' అని పిలిచినావిడను ఈరోజు 'ఆజుమ్మా' అన్నదంటే, అమ్మగారు కాస్తా వీధిలో ఆంటీ అయిపోయింది. ఆస్తి చేతులు మారిందని కోర్టు చెప్పక్కర్లేదు.

నోట్‌బుక్‌లో ఏం రాయాలి

పాత పరీక్షల పుస్తకంలో మిగిలిన కాగితం చాలు. పేర్ల జాబితా ఎడమవైపు రాసుకోండి. రాసేటప్పుడు నటుడి ముఖం కంటే పనిని గుర్తుపెట్టుకోండి: 'టే-ఓ, సినిమా తీస్తాడు, మొగుడు', 'మామ, డబ్బు ఆయనదే' అన్నట్టు. పదిమందికి మించి రాయొద్దు. పదకొండోవాడు నిజంగా ముఖ్యమైతే డ్రామాయే అతన్ని మళ్లీ తెచ్చి చూపిస్తుంది.

కుడివైపు మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో విషయం, రెండో గడిలో అది ఎవరికి తెలుసు, మూడో గడిలో ఏ ఎపిసోడ్‌లో తెలిసింది. ఈ రకం డ్రామాలో ఉత్కంఠ అంతా రెండో గడిలోనే ఉంటుంది. హంతకుడు ఎవరన్న ప్రశ్న కంటే, ఆ విషయం ఆమెకు తెలుసని అతనికి తెలుసా అన్న ప్రశ్న మీద ఎక్కువ ఎపిసోడ్లు నడుస్తాయి. 'ద వరల్డ్ ఆఫ్ ద మ్యారీడ్' మొదటి ఎపిసోడ్‌కు ఇట్లా రాస్తే 'మొగుడికి ఇంకో మనిషి ఉంది' అన్న వరసలో స్నేహితుల పేర్లు ఒక్కొక్కటే చేరతాయి, భార్య పేరు అన్నిటికంటే ఆఖర్న చేరుతుంది. ఆ గడి చూస్తే ఆమె కోపం మొగుడొక్కడి మీదే ఎందుకు ఆగదో అర్థమవుతుంది.

'ఫ్లవర్ ఆఫ్ ఈవిల్'కు ఇది ఇంకా అవసరం. అక్కడ భార్య ఒక సంగతి తెలుసుకుని, తెలియనట్టు నటిస్తుంది, తర్వాత అవతలి మనిషికి అనుమానం వస్తుంది. గడిలో పేరు పక్కన 'తెలుసు, చెప్పలేదు' అని రెండు ముక్కలు రాసుకోండి. నాలుగైదు ఎపిసోడ్ల తర్వాత ఇద్దరూ అన్నం తింటున్న మామూలు సీన్ కూడా వణికించేది ఆ రెండు ముక్కల వల్లే.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు, మనం ఊహించింది కూడా గడిలో రాసేయడం. ఊహలకు కాగితం వెనక వైపు వాడండి. లేకపోతే పన్నెండో ఎపిసోడ్‌కు మీ ఊహే జరిగిన కథలాగా కనపడి, దర్శకుడు మోసం చేశాడనిపిస్తుంది.

గతం, వర్తమానం కలిసిపోతున్నాయనిపిస్తే ముఖాలు చూడకండి, ఫోన్లు చూడండి. మడతపెట్టే ఫోన్ ఉంటే అది గతం. భార్య జుట్టు పొడవు, బిడ్డ ఎత్తు, గోడ క్యాలెండర్ కూడా చెప్తాయి. వయసుల్లో ఏడాది రెండేళ్ల తేడా వస్తే కంగారుపడొద్దు. 2023 జూన్‌దాకా కొరియాలో పుట్టగానే ఒకటి, ప్రతి జనవరికీ ఇంకొకటి కలిపే పాత లెక్క వాడుకలో ఉండేది.

వస్తువులు చెప్పే సాక్ష్యం

కొరియన్ ఇంట్లో గుమ్మం లోపలే చెప్పులు విడిచే చిన్న పల్లం ఉంటుంది. మనవాళ్లు అరుగుమీద విడిచినట్టే. ఇంటికొచ్చిన భార్య కెమెరా ముందు ఒక్క క్షణం కిందికి చూస్తుంది. తనవి కాని ఆడచెప్పులు. ఎవరూ ఏమీ అనరు. మనకు ఈ సీన్ వివరించాల్సిన పనిలేదు, కానీ సబ్‌టైటిల్ మీదే కళ్లు పెట్టినవాళ్లు దీన్ని దాటేస్తారు. మాటలు ఆగినప్పుడు కళ్లు అక్షరాలనుంచి పైకి లేపాలి, ఇది కావాలని అలవాటు చేసుకోవాలి.

తలుపుకు తాళంచెవి ఉండదు, అంకెలు నొక్కే తాళం ఉంటుంది. ఆ పీ-పీ చప్పుడు వినండి. పాత అంకెలు నొక్కితే తప్పని మోగిందంటే ఆ మనిషిని ఇంట్లోంచి వెళ్లగొట్టినట్టే. అర్ధరాత్రి ఎవరో సరైన అంకెలు నొక్కిన చప్పుడు అంతకంటే భయం. 'బ్లాక్ బాక్స్' అంటే విమానంలోది కాదు, కారు అద్దం వెనకుండే కెమెరా. అందులోని మెమరీ కార్డు కోసం సగం డ్రామాల్లో పరుగులు పెడతారు. 'విల్లా' అంటే మన నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో పెద్ద బంగళా ఊహించుకోకండి, అక్కడ అది నాలుగంతస్తుల సాదా ఇళ్ల భవనం, అపార్ట్‌మెంట్ కొనలేనివాళ్లు ఉండేది. 'పెన్షన్' అంటే ఊరి బయట అద్దెకిచ్చే విడిది. జైలునుంచి వచ్చినవాడికి తెల్లటి టోఫు (సోయా పనీరు) ముక్క తినిపిస్తే, ఇక మళ్లీ పోవద్దని దీవెన.

చావు సీన్లలో మనకు తేడా ఎక్కువ కనపడుతుంది. ఆసుపత్రికి అనుబంధంగానే అంత్యక్రియల హాలు ఉంటుంది, మామూలుగా మూడురోజులు అక్కడే జరుగుతుంది. నల్లరిబ్బను కట్టిన ఫొటో, వచ్చినవాళ్లు కవర్లో పెట్టి ఇచ్చే డబ్బు, అందరికీ ఎర్రటి మాంసం పులుసుతో భోజనం. ఫొటో పక్కన నల్లబట్టల్లో నిలబడే హక్కు ఎవరిది అన్నదాని మీద పెద్ద యుద్ధాలు నడుస్తాయి. చట్టప్రకారం భార్య ఎవరో ఊరంతా చూసేది అక్కడే. మన ఇళ్లలో మైల ఉన్నన్నాళ్లు పొయ్యి వెలిగించరు, పక్కింటివాళ్లు తెచ్చింది తినాలి, అదీ బలవంతంగా. ఆ కళ్లతో 'లైస్ హిడెన్ ఇన్ మై గార్డెన్'లో ఒక సీన్ చూడండి. కొట్టే మొగుడు చనిపోయాక ఆ గర్భిణి నల్లటి జ్జాజాంగ్‌మ్యోన్ నూడుల్స్ ముందు కూర్చుంటుంది. తల వంచి, నోరు నిండా కూరుకుని, ఆగకుండా తింటుంది. ఏడవదు, నవ్వదు. కొరియాలో ఈ సీన్ గురించి చాలా చెప్పుకున్నారు. ఆమె ఎన్నాళ్లనుంచి ఇంట్లో కడుపునిండా, భయంలేకుండా తినలేదో ఆ ముద్ద పరిమాణం చెప్తుంది. మాటలు పెట్టి ఉంటే ఆ సీన్ చెడిపోయేది.

చట్టం కొంచెం తెలిస్తేనే కథ తెలుస్తుంది

వివాహేతర సంబంధం కొరియాలో 1953 నుంచి నేరం, రెండేళ్లదాకా జైలు. 2015 ఫిబ్రవరి 26న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తొమ్మిదిమందిలో ఏడుగురి మెజారిటీతో దాన్ని కొట్టేసింది. అందుకే పాత డ్రామాల్లో భార్య పోలీసుల్ని వెంటేసుకుని లాడ్జి తలుపు బాదుతుంది, కొత్తవాటిలో లాయరు దగ్గరికి పోతుంది. డ్రామా ఏ ఏడాదిదో చూసుకుంటే ఈ తేడా అయోమయం కాదు. మన దేశంలో 497 సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 27న కొట్టేసింది. కానీ మన చట్టం పరాయివాడి భార్యతో సంబంధం పెట్టుకున్న మగవాణ్ణి మాత్రమే శిక్షించేది, కొరియాది ఇద్దరినీ.

నేరం కాకపోయినా అక్కడ మొగుడితో సంబంధం పెట్టుకున్న మనిషి మీద భార్య నష్టపరిహారం దావా వేయొచ్చు. ఫొటోలకోసం, హోటల్ రసీదులకోసం అంత వెతుకులాట అందుకే. తప్పుచేసినవాళ్లు తామే విడాకులు అడిగితే కోర్టు మామూలుగా ఒప్పుకోదు. అంటే 'నేను విడాకులివ్వను' అన్నది ఏడుపుగొట్టు మాట కాదు, భార్య చేతిలో గట్టి ఆయుధం. దీన్ని పట్టుకోకుండా ఆమెకు ఆత్మాభిమానం లేదని విసుక్కుంటే కథంతా తలకిందులుగా కనపడుతుంది. ఇద్దరూ ఒప్పుకున్నా మైనర్ పిల్లలుంటే మూడునెలలు, లేకపోతే నెల ఆగాలి. కోర్టు ఖరారు చేశాక మూడునెలల్లోపు ఆఫీసులో నమోదు చేయించాలి, లేదంటే చెల్లదు. కాగితం మీద ముద్ర పడ్డాక కూడా కథ ఎందుకు మిగిలిందా అనుకుంటే, ఆ మూడునెలలే మిగిలింది. ఈ వ్యవహారం పూర్తిగా తెలియాలంటే నిజంగా విడాకుల కేసులు వాదించే లాయరే రాసిన 'గుడ్ పార్ట్‌నర్' (2024) చూడండి. అది అంత చీకటిది కాదు, మధ్యలో ఊపిరి పీల్చుకోడానికీ పనికొస్తుంది.

హత్యకేసులకు కొరియాలో 2015దాకా కాలపరిమితి ఉండేది. పాతవాటికి పదిహేనేళ్లు, 2007 సవరణ తర్వాత ఇరవై అయిదు. 2015 జులైలో ఆ పరిమితిని తీసేశారు. డిటెక్టివ్ గోడమీద రోజులు లెక్కపెడుతూ కనపడితే కథ అంతకుముందు కాలానిది. ఇక మరణశిక్ష పుస్తకంలో ఉంది గానీ 1997 డిసెంబర్ తర్వాత ఎవర్నీ ఉరితీయలేదు.

ఒక హెచ్చరిక. డ్రామాలో భార్య మొగుడి ఫోన్‌లోకి దొంగతనంగా యాప్ దింపుతుంది, కారులో రికార్డర్ పెడుతుంది. ఇంకొకరి ఫోన్‌లోకి అనుమతి లేకుండా దూరడం మన ఐటీ చట్టం 2000 కింద నేరం. కొరియాలో కూడా తాను లేని సంభాషణను రహస్యంగా రికార్డు చేయడం నేరమే, డ్రామాలో కూడా అది తర్వాత ఆమె మెడకే చుట్టుకుంటుంది.

ఇంట్లో, పిల్లల మధ్య

మూలన 19 అంకె ఉన్నవి పెద్దలకే. మన యాప్‌లలో అవి 'ఏ' గానో 'యూ/ఏ 16+' గానో ఉంటాయి. హాల్లో టీవీలో వీటిని పెట్టకండి, ప్రొఫైల్‌కు నాలుగంకెల పిన్ వేయండి. వయసు గుర్తు ఎపిసోడ్‌ను బట్టి మారే డ్రామాలున్నాయి, మొదటిదాని గుర్తు చూసి మిగతావి నమ్మొద్దు.

కొట్టే సీన్లు దాటేసి చూడ్డం తప్పు కాదు, పది సెకన్ల బాణం అందుకే ఉంది. ఆ సీన్లు చూస్తుంటే చెయ్యి చల్లబడి, ఇది నా ఇల్లే కదా అనిపిస్తే డ్రామా ఆపేయండి. మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112. గృహహింస నిరోధక చట్టం 2005 కింద ఫిర్యాదు ఇవ్వడానికి విడాకులు అడగాల్సిన అవసరం లేదు, ఇల్లు వదలాల్సిన అవసరమూ లేదు. నెల్లూరులో, ఒంగోలులో సఖి కేంద్రాలున్నాయి. అక్కడ ఆశ్రయం, వైద్యం, న్యాయసాయం ఒకచోటే అడగొచ్చు.

మధ్యలో మందగించినప్పుడు

పదహారు ఎపిసోడ్ల డ్రామా తొమ్మిది, పన్నెండు మధ్య నీరసపడటం మామూలే. టీవీ డ్రామాలు చాలాకాలం వారానికి రెండు ఎపిసోడ్ల చొప్పున, ఒకవైపు ప్రసారం అవుతుండగానే ఇంకోవైపు రాస్తూ తీస్తూ వచ్చారు. మొదటి సగం ఏడాది కష్టం, రెండో సగం వారం కష్టం. అదీకాక పక్క జంటల కథలు ఇక్కడే దూరుతాయి. శవం దొరికిన మరుసటి సీన్‌లో అందరూ కాఫీ షాపులో కూర్చుని కప్పు పేరు కనపడేట్టు తాగుతుంటే అది స్పాన్సర్ డబ్బు, ఆధారం అనుకుని నోట్‌బుక్‌లో రాయకండి. ఈ ఎపిసోడ్లను మామూలు వేగంలో కాకుండా 1.25లో చూడొచ్చు. దాటేయొద్దు, ఎందుకంటే చివరి రెండింటికి కావాల్సిన ఒక వస్తువు సాధారణంగా ఇక్కడే ఎవరి చేతిలోనో కనపడి పోతుంది.

రోజుకు రెండు అన్న కట్టుబాటుకూ కారణం ఇదే. వారానికి రెండు చూసేవాళ్లకోసం కట్టిన కథ ఇది. రెండోదాని చివర పెద్ద ముడి వేసి, ప్రేక్షకుణ్ణి అయిదు రోజులు ఆలోచనలో పడేసేవాళ్లు. రోహిణికార్తెలో బయటికి పోలేక మధ్యాహ్నం ఆరు వరసగా చూసినవాళ్లకు ఆ ముడి బిగుసుకోకముందే విడిపోతుంది, పేర్లు కలిసిపోతాయి. రెండు చూసి, ఆపి, కాగితం మీద మూడు గళ్లు నింపి పడుకోండి.

చివరి ఎపిసోడ్ అయ్యాక వెంటనే ఇంకో డ్రామాకు పోకండి. మొదటి ఎపిసోడ్ పెట్టి తొలి ఇరవై నిమిషాలు నోట్‌బుక్ పక్కన పెట్టుకుని మళ్లీ చూడండి. ఈసారి మాట్లాడేవాణ్ణి వదిలేసి, వినేవాళ్ల ముఖాలు చూడండి. విందులో మొగుడు పెళ్లాన్ని పొగుడుతుంటే బల్ల చుట్టూ ఉన్న స్నేహితుల్లో ఎవరు గ్లాసు ఎత్తారో, ఎవరు కళ్లు దించుకున్నారో మీ రెండో గడిలోని పేర్లతో పోల్చి చూసుకోండి.